కొక్కెం దగ్గర అతుకు

మాధవరం దాటాక, రెడ్‌హిల్స్ రోడ్డులో
పాత లారీలు విప్పే షెడ్ల వెనకాల
ధనపాల్ దాన్ని ఎండలో నిలబెట్టాడు.
రెండు చక్రాల ట్రైలరు.
నీలం రంగు ఇంకా వేలికి అంటుతోంది.
"ఎనభై రెండు" అన్నాడు,
వేలు అన్న మాట నోట్లోనే దాచుకుని.

నాకు ఎర్రమట్టి మోయాలి, కుండీలు మోయాలి,
నర్సరీ నుంచి కొత్త అపార్ట్‌మెంట్ల దాకా
కరివేపాకు మొక్కలూ పేడ ఎరువు బస్తాలూ.
బాడుగ ఆటోకి పోసేది మిగిలితే
పధ్నాలుగు నెలల్లో పెట్టుబడి తిరిగొస్తుందని
నిన్న రాత్రి కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను.
కాగితం మీద ఏ బండైనా గిట్టుబాటే.

కొత్తదైతే లక్షా ముప్పై. అంబత్తూరులో అడిగొచ్చాను.
కోసి తూకానికి వేస్తే
నాలుగొందల యాభై కిలోలు, కిలో ముప్పై,
పదమూడున్నర వేలు.
ఆ అంకెకీ ఈ అంకెకీ మధ్య
ఇది ఎవరి దగ్గర ఎలా బతికిందో ఉంది.
బేరం దానికే.

పైన పటారం నాకూ కనిపిస్తుంది.
లోన లొటారం వినడానికి
మస్తానయ్యను వెంట తెచ్చుకున్నాను.
తడ నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా
వెల్డింగు పొగ మింగుతున్న మనిషి.
చెప్పులు విడిచి, గోనె పరిచి, బండి కిందికి దూరాడు.
స్పానరుతో ఇరుసు మీద కొడితే టంగుమంది.
వెనక పలక మీద కొడితే డబ్బుమంది.
ఎడమ చక్రం తిప్పితే
బేరింగు ఇసుక నమిలినట్టు గరగరలాడింది.

"ఒక టీచరమ్మ బండి ఇది,
పరుపులు తప్ప ఏమీ మొయ్యలేదు" అంటున్నాడు ధనపాల్.
నేల రేకు మీద గుండ్రటి నొక్కులు,
ఒకదాని పక్కన ఒకటి, వరసగా.
పాపం, ఆ టీచరమ్మ
గ్యాస్ సిలిండర్ల మీద పడుకునేది కాబోలు.

అరవై అందామని నోరు తెరుస్తున్నాను.
కొక్కెం దగ్గర మస్తానయ్య ఆగిపోయాడు.
గోటితో రంగు గీకాడు. ఇంకాస్త గీకాడు.
చీమల బారులాంటి అతుకు బయటపడింది.
దాని మీద బొటనవేలు ఆనించి
చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

"ఏమైంది?"
"ఇది నాదే."
"బండా?"
"అతుకు. పదకొండేళ్లయింది, పుళల్ షెడ్డులో.
ఓనరు తొందర, సాయంత్రం కరెంటు పోయేలా ఉంది.
పగులు తెరిచి నింపాలి. నింపలేదు. పైన పూసిచ్చాను."
"ఇన్నాళ్లూ పట్టుకుందిగా?"
"పట్టుకుంది. ఎందుకో తెలీదు."

ఊరుకోవయ్యా, పగులుందని మాత్రం చెబుదాం,
పది వేలు తగ్గిస్తాడు, అన్నాను చెవిలో.
అతను లేచి, మోకాళ్లు దులుపుకుని
ధనపాల్‌తో అంతా అరవంలో చెప్పేశాడు.
షెడ్డు పేరు, సంవత్సరం, తన పేరుతో సహా.

ధనపాల్ కడుపు పట్టుకుని నవ్వాడు.
"తప్పు నీది, తగ్గింపు నాదా?
నువ్వే బాగుచేసుకో, డెబ్బై ఎనిమిది."
అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి అంటారు.
రెండూ నా వెంట వచ్చినవాడి నోటి నుంచే వచ్చాయి.

రెండు టీలయ్యాక అరవై ఆరు దగ్గర ఆగింది.
బేరింగు ఖర్చు నాది,
స్పేరు చక్రం అతనిది.
ఇంటికి వచ్చేదాకా మా చిన్న ట్రాక్టరు
వెనక్కి చూస్తూనే నడిచింది.
అంటే నేను.

దారిలో టైర్ల కొట్టు ఇబ్రహీం ఎంతకని అడిగి
ఎక్కువే అన్నాడు.
పాలబూతు పొన్నమ్మ ఎంతకని అడిగి
దొంగసొత్తా ఏంటి, ఇంత చవక! అంది.

ఆదివారం మస్తానయ్య ఆ అతుకును కోశాడు.
కూలి వద్దన్నాడు. నేను జేబులో కుక్కాను.
కోసిన ముక్కను పట్టకారుతో ఎత్తి చూపించాడు.
నల్లటి ఇనుములో చిన్న బోలు,
చింతగింజ పట్టేంత.
నీళ్ల బకెట్లో ముంచితే బుస్సుమంది.

"దీనికెంత కట్టావు మరి?" అని అడిగాడు,
ముసుగద్దం ఇంకా మొహం మీదే ఉంది.
నవ్వాడో లేదో కనిపించలేదు.